ఇంటికి ఎన్ని నెలలు

మర్పల్లిలో నేను వ్యవసాయాధికారిగా పనిచేస్తున్న రోజులు. ఒక పొద్దున ఒక రైతు ఎండు తెగులు పట్టిన కంది మొక్కను వేళ్లతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. తాండూరు దగ్గరి మనిషి. అత్తగారి ఊరు మర్పల్లి పక్కనే అట. నేను మొక్క కాండాన్ని చాకుతో నిలువునా చీల్చి చూస్తుంటే ఊరికే కూర్చోలేక మాటలు కలిపాడు.

"మా తాండూర్ల ఒక సారుండె. గిసొంటియి జూపిస్తె నిమిషంల జెప్తుండె. మొన్న శుక్రారం పోయిండు, పాపం."

"ఏ సారు?" అన్నాను.

"గా గొడుగు సారు. పంట ముచ్చట అడగకముందుగాల తిండి ముచ్చట అడుగుతడు సూడు, గాయన."

చాకు చేతిలోనే ఆగిపోయింది. ఆ రైతుకు ఏ సలహా ఇచ్చి పంపించానో గుర్తు లేదు. అతను వెళ్లాక తలుపు దగ్గరగా వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. బల్ల మీద చీల్చిన కంది కాండం అలాగే ఉంది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాయవచ్చా అని ఆయన ఇంట్లోవాళ్లను అడిగే ముఖం నాకు లేదు.

డెబ్భైల మొదట్లో ఆయన మాకు ఎమ్మెస్సీలో పాఠం చెప్పేవారు. మా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అప్పుడంతా కొత్త విత్తనాల సంబరం. ఏ క్లాసులో కూర్చున్నా హైబ్రిడ్ జొన్న, యూరియా, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు అన్న మాటలే. ఆయన ఒక్కరిదే వేరే దారి.

"ఎకరానికి ఎన్ని బస్తాలు అని అడుగుడు జర బంద్ జెయ్యండి. ఇంటికి ఎన్ని నెలలు? గది అడగండి."

ఒక ఇల్లు పండించుకున్నది ఆ ఇంటికి ఎన్ని నెలలు వస్తుంది, మిగతా నెలలు ఆ ఇల్లు ఎలా గడుస్తుంది, అలా పదేళ్లు, ఇరవై ఏళ్లు ఆ భూమి ఆ ఇంటిని మోయగలదా అన్నది ఆయన ప్రశ్న. మట్టి, గింజ, గొడ్డు, పొయ్యి, కడుపు, వీటిని విడదీసి చదివితే ఒక్కటీ అర్థం కాదనేవారు. చిన్నప్పుడు తాండూరులో వాళ్లమ్మ కొత్త జొన్నలు ఇంటికి రాగానే గింజలు కొలిచి, ఆ తర్వాత వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టేదట. లెక్క శ్రావణం దాకా వస్తే నవ్వేది, జ్యేష్ఠం దగ్గర ఆగితే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు. "నా చదువంత గా కణుపుల మీదనే ఉన్నది" అని ఒకే ఒక్కసారి మాతో అన్నారు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ చదువుకు అప్పట్లో ఒక పేరంటూ లేదు. టైమ్‌టేబుల్లో 'ప్రత్యేక అంశం' అని ఉండేది. మేం మాత్రం రొట్టె క్లాసు అనేవాళ్లం. అందులో చేరింది ఆరుగురం.

హాజరు పిలిచినప్పుడు 'ఎస్సార్' అంటే ఒప్పుకునేవారు కాదు. పొద్దున ఏం తిన్నామో చెప్పాలి. అందరం హాస్టలువాళ్లమే కాబట్టి ఆరుగురూ ఒకటే జవాబు చెప్పేవాళ్లం. ఆయన మాత్రం ఆరుసార్లు 'ఉప్మా' అని ఓపిగ్గా రాసుకునేవారు. ఒకరోజు నవాబుపేట నుంచి వచ్చిన ఒక బక్కపలచటి పిల్లవాడు "లేటుగ లేసిన సార్, ఏం తినలే" అన్నాడు. సార్ హాజరు పుస్తకం మూసి, సంచిలోంచి తన టిఫిన్ డబ్బా తీసి వాడి ముందు పెట్టారు. రెండు జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం. వాడు సిగ్గుపడుతూ తినేదాకా సార్ పాఠం మొదలుపెట్టలేదు.

"ఆకలి మీదున్నోడు పాఠం వినడు బేటా. గంట ఎప్పుడు గొడ్తరా అని వింటడు" అన్నారు, వాడు చేయి కడుక్కుని వచ్చాక.

ఎండకైనా వానకైనా నల్ల గొడుగు ఉండాల్సిందే. దాన్ని విప్పడం తక్కువ. దాని మొనతో చేలో మట్టి గుచ్చి చూసేవారు. గొడుగును నేలమీద అడ్డంగా పెట్టి, ఆ పొడవులో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టమనేవారు. జొన్న, కంది, పెసర, గట్టున పుంటికూర, మధ్యలో తనంతట తాను మొలిచిన చెంచలి కూర. "కలుపు అని రాయకు. ఇంటామెను అడిగి రాయి" అనేవారు. రాసుకోవడానికి ఆయనకు నోటుపుస్తకం ఉండేది కాదు. పెళ్లి శుభలేఖల వెనకవైపు, చింపిన కవర్ల లోపలివైపు చీమల బారులాంటి అక్షరాలతో రాసుకునేవారు.

రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని అది ఏ నేల జొన్నో చెప్తానని పందెం వేసే అలవాటు ఒకటుండేది. "ఇది నల్లరేగడి. సందేహమే లేదు" అనేవారు. ఇంటావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, "కాదు సారూ, ఎర్ర చెలక జొన్నలు" అనేది. "అరె, మల్ల తప్పు చెప్పిన" అని అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేవారు. పదిసార్లకు ఏడుసార్లు తప్పే. తప్పు చెప్పినందుకు ఆయన ముఖం చిన్నబోవడం నేను ఎన్నడూ చూడలేదు.

కోపం కూడా ఉండేది. ఒక ఊళ్లో పెద్ద రైతు ఒకాయన తన హైబ్రిడ్ జొన్న గొప్ప చెప్తూ, తన పాలేరు ఇంట్లో ఏం తింటారో తనకెలా తెలుస్తుందని అన్నాడు. సార్ చాయ్ కప్పు కింద పెట్టి, ఒక్క మాట అనకుండా లేచి బయటికి వచ్చేశారు. మైలు దూరం మాతో మాట్లాడలేదు. ఇంకో లోపం ఏమిటంటే, తన విద్యార్థుల మీద ఒక్క మాట పడనిచ్చేవారు కాదు. మేం రాసి తెచ్చింది సరిచూసేవారు కాదు. "నా పిల్లలు చూసి వచ్చిండ్రు. మల్ల నేను చూసుడెందుకు?" అనేవారు. అది లోపమని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు మాకు అది గర్వంగా ఉండేది.

ఆ ఏడాది ఆయన పెద్ద పని తలపెట్టారు. ఆరు ఊళ్లు, ఊరికి ఐదు ఇళ్లు. ఉగాది నుంచి ఉగాది దాకా, నెలకొకసారి ఆ ఇళ్లకు వెళ్లి ఏం వండారు, ఆ గింజ ఎక్కడిది, గింజల గుమ్మిలో ఇంకా ఎంత ఉంది, అని రాయాలి. పంటలు కలిపి విత్తే ఇళ్లు వానాకాలపు ఆకలి నెలలను దాటగలవని ఆయన నమ్మకం. దాన్ని నిరూపించి పెద్దల ముందు పెట్టాలని ఆశ. నాది వికారాబాదు కాబట్టి నాకు కోట్‌పల్లి అవతల ఒక చిన్న ఊరు అప్పగించారు. కోట్‌పల్లి దాకా బస్సు, అక్కడి నుంచి రెండు మైళ్లు నడక.

మొదటిసారి సార్ నాతో వచ్చారు. నా ఐదు ఇళ్లలో రెండోది ఒక కురుమవాళ్ల ఇల్లు. మొగుడూ పెళ్లాం, ఇద్దరు చిన్నపిల్లలు, రెండెకరాల చెలక, పది పన్నెండు గొర్రెలు. ఇల్లాలి పేరు మల్లమ్మ. సార్ గడప బయటే నేల మీద కూర్చుని, పొద్దున ఏం వండావమ్మా అని అడిగారు. ఆమె పిల్లను చంకనేసుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అడిగి ఏం జేస్తరు సారూ? లేకుంటె పెడ్తరా?"

"పెట్టలేనమ్మా. రాస్త. రాసింది పెద్దోళ్లు చదువుతరు."

"చదివితె కడుపు నిండుతదా?"

"నా కడుపైతె నిండలే ఇంకా" అన్నారు సార్, నవ్వుతూ. "అబద్ధం రాయం, గది మాత్రం జెప్తున్న. ఉంటె ఉన్నదని, లేకుంటె లేదని రాస్తం."

ఆమె లోపలికి వెళ్లి, రెండు రొట్టెలు, పుంటికూర తెచ్చి మా చేతుల్లో పెట్టింది.

చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం వెళ్లాను. మల్లమ్మ నాతో బాగా మాట్లాడేది. తమ్మీ అని పిలిచేది. జ్యేష్ఠంలో వెళ్లినప్పుడు వెదురు గుమ్మి మూత తీసి చూపించింది.

"అడుగు కనవడ్తున్నది తమ్మీ. పోయినేడు కంది కాయనే లేదు. వచ్చే నెలకు ఎట్లనో ఏమో."

ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

ఆషాఢంలో నేను వెళ్లిన రోజు వాన దంచి కొట్టింది. కోట్‌పల్లిలో బస్సు దిగితే, వాగు దాటలేవు పొమ్మన్నారు. వెనక్కి తిరిగి అదే బస్సెక్కి ఇంటికి వచ్చాను. అక్కడిదాకా నా తప్పు లేదు. 'వాగు వచ్చింది, వెళ్లలేకపోయాను' అని రాస్తే సరిపోయేది. శ్రావణంలో వాన లేదు. దారి పొడిగా ఉంది. హాస్టలు మిత్రులు నలుగురు వికారాబాదు వచ్చారు. వాళ్లను తీసుకుని అనంతగిరి గుట్ట ఎక్కాను. రెండు రోజులు అలా గడిచిపోయాయి. మూడోరోజు హైదరాబాదు బండికి ముందు మా ఇంటి వరండాలో కూర్చుని, ఐదు ఇళ్లకు రెండు నెలల కాగితాలు నింపేశాను. నేర్పుగా నింపాను. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని ఒక పూట రొట్టె, ఒక పూట జొన్న గటక, ఒకరోజు పెసరపప్పు, ఒకరోజు చెంచలి కూర మార్చి మార్చి రాశాను. గుమ్మిలో గింజలు ఇంకా రెండు బెత్తెల ఎత్తు ఉన్నాయని మల్లమ్మ ఇంటికి రాశాను.

ఆ వారం క్లాసులో సార్ నా కాగితాలు చదువుతూ చదువుతూ ఆగిపోయారు. తర్వాత లేచి నిలబడి, పైకి చదివారు.

"ఆషాఢం. రెండో ఇల్లు. పొద్దున జొన్న రొట్టె, చెంచలి కూర. మాపు గటక, పెసరపప్పు." కళ్లద్దాలు తీసి మా వైపు చూశారు. "చూసిన్రా? అందరి పొయ్యిలు చల్లవడే నెలల గా ఇంట్ల రెండు పూటల పొయ్యి మండింది. పంట కాయని ఏడు గూడ మండింది. నేను ఇరవై ఏండ్ల సంది చెప్తున్నది గిదే!"

వచ్చి నా వీపు మీద చెయ్యి వేశారు. "గా వానల పోయి చూసొచ్చిండు వీడు. శభాష్ బేటా."

ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. అప్పుడు చెప్పి ఉంటే ఆయనకు కోపం వచ్చేది. మైలు దూరం మాట్లాడకుండా నడిచేవారు. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. నేను నవ్వుతూ తలవంచుకున్నాను. తోటివాళ్లు దాన్ని వినయం అనుకున్నారు.

భాద్రపదంలో వెళ్తే మల్లమ్మ ఇంటికి తాళం ఉంది. గడప ముందు గడ్డి మోకాలెత్తు పెరిగింది. పక్కింటి ముసలమ్మ నన్ను చూసి అడిగింది.

"ఎవలి కోసం బిడ్డా? వాళ్లు పోయి రెండు నెలలు దాటె. ఆషాఢం మొదట్లనే జీవాలను అమ్ముకొని, పిల్లలను ఎంటవెట్టుకొని పూనా దిక్కు రోడ్డు పనికి పోయిండ్రు. తినెతందుకు ఏమున్నదని ఉంటరు?"

నేను పెసరపప్పు వండించిన రోజుల్లో ఆ ఇంట్లో మనుషులే లేరు. ఆ తాళం ముందు నిలబడి కూడా నేను నిజం వైపు తిరగలేదు. నోటుపుస్తకం తీసి 'భాద్రపదం: ఇల్లు తాళం. వలస' అని, వాళ్లు అప్పుడే వెళ్లినట్టు రాసుకుని వచ్చాను. మిగతా నెలలు మిగతా నాలుగిళ్లకూ తప్పకుండా వెళ్లాను. ఒక్కటి కూడా కల్పించలేదు. అలా చేస్తే ఆ రెండు నెలలు మాసిపోతాయనుకున్నాను.

ఏడాది గడిచాక వికారాబాదు సమితి ఆఫీసు హాల్లో సభ పెట్టారు. విశ్వవిద్యాలయం నుంచి పెద్దలు వచ్చారు. ఊళ్లలో పనిచేసే గ్రామసేవకులను కూడా పిలిచారు. సార్ గోడ నిండా పటం కట్టారు. ముప్పై ఇళ్లు, పన్నెండు నెలలు. తిండి ఉన్న నెలకు ఎర్ర పెన్సిలు, లేని నెలకు ఖాళీ గడి. అన్ని ఇళ్ల వరుసల్లోకీ ఆయన వేలు మల్లమ్మ ఇంటి మీదే ఎక్కువసేపు నిలిచింది. "పంట పోయిన ఇల్లు. అయినా ఆషాఢ శ్రావణాలు దాటింది. ఎట్ల దాటింది? మనం చదవాల్సింది గిది" అన్నారు.

వెనక వరసలోంచి ఒక సన్నటి మనిషి లేచాడు. కోట్‌పల్లి వైపు గ్రామసేవక్, నర్సింహులు. చేతులు కట్టుకుని, భయంభయంగా అన్నాడు:

"తప్పయితె మాఫ్ జెయ్యండి సార్. గా ఇల్లు ఆషాఢంల నుంచే తాళం ఉండె. వాళ్లు పూనా పోయిండ్రు. నేనే బస్సెక్కించిన."

ముందు ఒకరు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. పెద్దల్లో ఒకాయన "అయితే తాళం కప్ప గటక తిన్నదా మాస్టారూ?" అన్నాడు. ఇంకోసారి నవ్వులు.

సార్ పటం వైపు తిరిగి కొంచెంసేపు నిలబడ్డారు. నా వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు.

"నేను పోయి చూడలే. తప్పు నాది" అన్నారు. పటం నాలుగు మూలల మేకులూ ఒక్కొక్కటిగా పీకి, దాన్ని మడత పెట్టుకున్నారు. ఇంకా చెప్పాల్సింది సగం ఉంది. కూర్చుండిపోయారు.

మరుసటి ఏడాది టైమ్‌టేబుల్లో ప్రత్యేక అంశం లేదు. మిగతా ఐదుగురు వానలో, ఎండలో తిరిగి నిజంగా రాసుకొచ్చిన ఇరవై ఐదు ఇళ్ల కాగితాలు కూడా ఎవరూ తిరగేయలేదు. టిఫిన్ డబ్బాలో రొట్టెలు తిన్న ఆ నవాబుపేట పిల్లవాడు జ్వరంతో కూడా ఒక్క నెల మానలేదు. సార్‌ను తాండూరు దగ్గర ఒక చిన్న ప్రయోగ క్షేత్రానికి మార్చారు. కందిలో రకాలు పోల్చి చూడటం, ఎకరానికి దిగుబడి రాసి పంపడం. ఏ లెక్క వద్దని మాకు చెప్పారో ఆ లెక్కే పదవీ విరమణ దాకా ఆయన చేతికి వచ్చింది.

నాకు మంచి మార్కులు వచ్చాయి. కొలువు వచ్చింది. పెళ్లయింది. ఎనభైల మొదట్లో ఒక పని మీద తాండూరు వెళ్లినప్పుడు, ఈసారి చెప్పేయాలని గట్టిగా అనుకుని ఆయన ఇంటికి వెళ్లాను. నాపరాళ్లు పరిచిన అరుగు మీద కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, నేనేం తిన్నానో అడిగి, లోపలికి కేకేసి చాయ్ చెప్పారు. గదిలో ఒక పాత ఇనుప పెట్టె. అందులో మా ఆరుగురి కాగితాలూ కట్టలు కట్టి ఉన్నాయి.

"సార్, గా కోట్‌పల్లి ఇల్లు..." అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యెత్తి ఆపారు. "గా ముచ్చట ఎత్తకు బేటా. నీ మనసు ఎంత నొచ్చుకున్నదో నాకు తెలుసు. నువ్వు వానల పోయి రాసుకొచ్చినవ్. గా నర్సింలు పోయి చూడకుంటనే చెప్పిండు. నలుగురిల నిన్ను అబద్ధాలకోరును జేసిండు. ఆయన రిటైరయి ఇక్కడ్నే ఉంటున్నడు, రెండు గల్లీల అవతల. ఎదురువడ్డా నేను సలాం గూడ జెయ్య."

"సార్, అట్ల కాదు..."

"సభల తప్పు నాదని ఎందుకన్న? మీ పేర్లు రావద్దని అన్న. నా పిల్లలు అబద్ధం రాయరు. చాయ్ తాగు."

చాయ్ తాగాను. కప్పు ఖాళీ అయ్యేలోగా చెప్పాలనుకున్నాను. ఖాళీ అయింది. ఆ నమ్మకాన్ని ఆ ముఖం మీద నుంచి నా చేతులతో తుడిచెయ్యలేక చెప్పలేదని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఉత్తమాట. నాకు భయం వేసింది, అంతే.

కంది మొక్క తెచ్చిన రైతు వెళ్లిపోయిన మర్నాడు సెలవు పెట్టి తాండూరు బండెక్కాను. ఇంట్లో ఆడవాళ్ల ఏడుపు సద్దుమణిగింది. పెద్దకొడుకు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లాడు. అప్పటికే అక్కడ ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. పదిహేనేళ్ల కిందటి ఆ హాలు వెనక వరస గుర్తొచ్చింది.

నన్ను ఆయన పోల్చుకోలేదు. ఆఫీసరునని తెలిసి సారూ అన్నాడు. మీరు ఇక్కడ ఉంటారనుకోలేదు, మీ ఇద్దరికీ మాటలు లేవని విన్నాను అన్నాను.

"లేకుండె సారూ, చాన ఏండ్లు. రెండేండ్ల కింద ఆయననే మా ఇంటికి వచ్చిండు. కోట్‌పల్లి దిక్కు ఏదో దావత్‌కు పోయి, పనిలో పని ఆ ఊర్లెకు పోయిండట. మల్లమ్మ అని ఒకామె. పూనకెల్లి తిరిగొచ్చింది. భూమి పోయింది, మొగడు పోయిండు, కూలి జేసుకుంటున్నది. ఆమెనే జెప్పిందట, మేం ఆషాఢం మొదట్లనే పోయినం సారూ అని. సక్కగ వచ్చి నా గడపల నిలవడ్డడు. నా రెండు చేతులు వట్టుకొని, మాఫ్ జెయ్ నర్సింలు భాయ్, ఇన్నేండ్లు నిన్ను తప్పు వట్టిన అని ఏడ్సిండు. అంత పెద్దమనిషి."

 నేను అడిగాను. "రాసినాయన ఎవరో చెప్పిండా?"

"అడిగిన. చెప్పలే. పేరెందుకు నర్సింలూ, చదువుకునే వయసుల రాసిండు అన్నడు. ఒక్కదానికే బాధవడ్డడు. గా రెండు గళ్లల 'తాళం' అని రాసి ఉంటె, నా మొత్తం పనిల అదే పెద్ద సంగతి అవుతుండె అన్నడు. పంటలు కలిపి ఇత్తినా ఎసొంటి ఇల్లు ఏ నెలల కూలిపోతదో గా ఒక్క తాళమే జెప్తుండె అన్నడు. నేను నమ్మిందానికి సరిపోయింది గనుక నేనూ కండ్లు మూసుకున్న, సగం తప్పు నాదే అన్నడు."

"మరి ఆ పిల్లగాన్ని అడగలేదా?"

"అడగ అన్నడు. వాడు నా దగ్గరికి వస్తడు, పోతడు. ఎన్నటికైనా వాడే జెప్తడు. నేను అడిగి చెప్పిస్తె ఏమున్నది, అన్నడు."

లోపల ఎవరో చిన్నపిల్ల నవ్వితే, ఎవరో ఉష్ అన్నారు. నేను నర్సింహులు వైపు తిరిగాను.

"గా పిల్లగాడు నేనే" అన్నాను.

ఆయన నన్ను కొత్తగా చూశాడు. కోపం లేదు. ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చూశాడు.

"ఆయనకు జెప్పిన్రా?"

"లే."

 ఆయన గోడ పట్టుకుని మెల్లగా లేచి, చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"నాకు జెప్తె ఏమొస్తది సారూ ఇప్పుడు" అన్నాడు, వెళ్లిపోతూ.

ఆ రెండేళ్లలో నేను సార్ ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ నా ఉద్యోగం, పిల్లల చదువు, వానలు, కంది ధర, అన్నీ మాట్లాడుకున్నాం. మాటలు అయిపోయాక ఆయన ఒక క్షణం ఆగి, "ఇంక?" అనేవారు. ఇంకేం లేదు సార్ అనేవాణ్ణి. ముసలితనంలో మనుషులు ఊరికే అనే మాట అనుకున్నాను. ఆఖరిసారి, వద్దన్నా వినకుండా స్టేషను దాకా నాతో నడిచి వచ్చారు. ఆయాసపడుతూ బెంచీ మీద కూర్చున్నారు. బండి కనపడింది. నేను సంచి అందుకుంటుంటే నా మణికట్టు పట్టుకున్నారు.

"ఇంక, బేటా?"

"బండి వచ్చింది సార్" అన్నాను.